ఎడంచేతి మీద ఐదో నంబరు

ఆగండాగండి! పేజీ తిప్పెయ్యకండి. ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని, స్థిమితంగా కూర్చుని వినండి. పోయిన వారం మనం పెద్దముక్కావిడని వేడిగది గుమ్మంలో, చేతిలో రిపోర్టు కాగితంతో, ఎదురుగా తమ్ముడితో అలాగే నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. అసలే ఆవిడకి కాళ్లు పీక్కుపోతున్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం గబగబా నాలుగు ముక్కలు. అది సెంట్లు తయారుచేసే కంపెనీ. ఎండలు మండే చోట్ల మగవాళ్లు పూసుకోవడానికి తేలికైన సెంటు ఒకటి కావాలని పైవాళ్లు అడిగారు. కొబ్బరినీళ్ల చల్లదనం ఉండాలి, పచ్చి నిమ్మతొక్క గోటితో గిల్లినట్టుండాలి, కాస్త ఉప్పుగాలి తగలాలి, తల నొప్పెయ్యకూడదు, బస్సులో పక్కవాడు మొహం తిప్పుకోకూడదు, ఇంత తేలిగ్గా ఉండీ సాయంత్రం దాకా నిలవాలి. అడగడానికేం, నోరుంటే చాలు. తేలికైనది నిలవదు, నిలిచేది తేలిగ్గా ఉండదు. ఎన్నో సీసాలు పోగా చివరికి రెండు మిగిలాయి, ఐదో నంబరూ ఎనిమిదో నంబరూ. ఏది ఎవరు కలిపారో వాసన చూసే జడ్జికి తెలియకూడదు. పేర్లున్న కవరు మేనేజర్ బీరువాలో ఉంటుంది.

చల్లగదిలో కాగితం పట్టీల మీద వాసన చూసేవాళ్లు నలుగురున్నారు కానీ వాళ్లు తొలి గంటకే మార్కులు వేస్తారు. ఆ పై సంగతి, అంటే మనిషి ఒంటి మీద, చెమటలో, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ వాసన ఏమవుతుందో చూసి చెప్పేది పెద్దముక్కావిడ ఒక్కతే. ఇరవై మూడేళ్ల సర్వీసు. వెనకాల పెద్దముక్కావిడ అంటారు, ఎదురుపడితే మేడం అంటారు, ఆవిడకి రెండూ తెలుసు. నిజానికి ఆవిడ ముక్కు చిన్నదే.

నిన్న వ్యాన్ డ్రైవర్ రెండు చేతుల మీదా చెరొకటి కొట్టి, రోజంతా వేడిగదిలో నడిపించి, ఆవిడ ఇలా రాసింది: "ఐదు: రెండు గంటల తర్వాత ఖాళీ. ఎనిమిది: సాయంత్రం దాకా నిలిచింది." ఇవాళ పన్నెండింటికి ఆ కాగితం పైకి వెళ్లిపోవాలి. పదకొండుకి తమ్ముడు గుమ్మంలోకొచ్చి అనకూడని మాట అనేశాడు.

"ఐదు నాదక్కా."

ఇక కదలండి.

పెద్దముక్కావిడ తమ్ముణ్ణి లోపలికి లాగి తలుపు మూసింది. వేడిగదిలో ఎప్పుడూ ముప్పై ఎనిమిది డిగ్రీలుంటుంది, గోడలకి రంగు కూడా వాసనలేనిదే వేయిస్తారు, ఒక నడిచే మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. ఆవిడ ఒక కుర్చీలో కూలబడి, కాగితం ఒళ్లో పెట్టుకుని, దాంతోనే విసురుకోవడం మొదలుపెట్టింది.

"నాకెందుకు చెప్పావురా?" అంది చివరికి. గొంతులో కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది.

"చెప్పకపోతే ఏం చెయ్యమంటావ్? ఇది మూడోసారి. ఈసారి కూడా పోతే నన్ను ఫినాయిల్ సెక్షనుకి పంపేస్తారు. తెలుసుగా, అక్కడికి వెళ్లినవాడు మళ్లీ సెంట్ల పనిలోకి రాడు. రిటైరయ్యేదాకా బాత్రూముల్లోకి నిమ్మ, బాత్రూముల్లోకి మల్లె."

"అయితే? మా తమ్ముడిది కాబట్టి నిలిచిందని రాయనా?"

"అలా అనలేదక్కా."

"మరెలా అన్నావ్?"

తమ్ముడు ముప్పై రెండేళ్లవాడు, నాలుగు నెలల్లో కళ్లకింద నలుపొచ్చి నలభైలవాడిలా అయ్యాడు. అక్క ఒళ్లో కాగితం వంక చూస్తూ, "ఖాళీ అని ఎలా రాశావో అర్థం కావట్లేదు. పైన నిమ్మ పోతుంది, ఒప్పుకుంటా. నడుమ కొబ్బరి పోతుంది, అదీ ఒప్పుకుంటా. అడుగున కొత్త కస్తూరి పెట్టాను. మూడు నెలల కింద వచ్చిన సరుకు, చెమట తగిలేకొద్దీ లేచే రకం. అది ఎలా పోతుంది?" అన్నాడు.

"పోయింది. నాలుగుసార్లు చూశాను. మధ్యలో ముక్కు కడుక్కుని మరీ చూశాను."

ముక్కు కడుక్కోవడమంటే నీళ్లతో కాదు. రెండు వాసనల మధ్య ముక్కుకి విశ్రాంతివ్వడానికి ఆవిడ తన తెల్లకోటు మోచేతి మడతలో మొహం పెట్టుకుని మూడుసార్లు గాఢంగా ఊపిరి పీలుస్తుంది. తన ఒంటి వాసన, తన బట్ట వాసన. అక్కణ్ణించి మళ్లీ సున్నా నుంచి మొదలు. ఈ పద్ధతి ఆఫీసులో అందరికీ నేర్పింది ఆవిడే.

"నువ్వు చూశావా, నీకు వచ్చిందా?" అని అడిగింది.

తమ్ముడు తల దించుకున్నాడు.

"నాకూ రాలేదు," అన్నాడు మెల్లగా. "నెల నుంచీ రావట్లేదు. కలిపేటప్పుడు లెక్క ప్రకారం కలుపుతున్నా, ముక్కుతో కాదు. పాళ్లు సరిగ్గానే ఉన్నాయి, వాసన ఉండాలి, ఉండి తీరాలి అనుకుంటూ కలుపుతున్నా. బహుశా నాకు ఈ పని చేతకాదేమో."

ఆవిడకి వాణ్ణి లాగి ఒక్కటిచ్చి, తర్వాత తల నిమరాలనిపించింది. రెండూ చెయ్యలేదు. లేచే ఓపిక లేదు.

సరిగ్గా అప్పుడే తలుపు టకటకమంది. వ్యాన్ డ్రైవర్. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, చొక్కా చేతులు రెండూ పైకి మడిచి, ఆపరేషనుకి వచ్చినవాడిలా చేతులు చాపి పట్టుకున్నాడు.

"ఇవాళ టెస్టు లేదు డ్రైవర్ గారూ," అంది ఆవిడ.

"టెస్టుకి కాదమ్మా. ఒక మాట అడుగుదామని వచ్చా. ఏమీ అనుకోకండి."

"అనుకునే ఓపిక కూడా లేదు, అడగండి."

"ఈ ఎడంచేతిది బజార్లోకి ఎప్పుడొస్తది?"

అక్కా తమ్ముడూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎందుకు?"

డ్రైవర్ కాస్త సిగ్గుపడ్డాడు. యాభై దాటిన మనిషి, మెడ వెనక చెమటకాయలు, చేతికి స్టీరింగు పట్టీపట్టీ కాయలు. "మీరు స్నానం చెయ్యద్దన్నారు కదా పొద్దుటి దాకా. చెయ్యలేదు. మా ఆవిడ సంగతి మీకు తెలీదమ్మా, నేను డ్యూటీ దిగి వస్తే ఆమడ దూరం నుంచే టవలు విసిరేస్తది. నిన్న టవలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏంటిది అంది. ఏదంటే, ఏమో, ఇక్కణ్ణించి వస్తోంది అని ఎడంచెయ్యి పట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా మంచానికి కుడివైపు పడుకునే మనిషి, నిన్న ఎడంవైపుకి వచ్చేసింది. నాకు నిద్రలేదు, అలవాటు తప్పింది కదా, అదేం చెప్పుకోలేక ఇటొచ్చా."

తమ్ముడు గుమ్మం దాకా వచ్చేశాడు.

"కుడిచెయ్యో?" అని అడిగింది పెద్దముక్కావిడ.

"దాని సంగతి వదిలెయ్యండి. సాయంత్రానికే పులిసిపోయింది. చెమటా అదీ కలిసి, తడిబట్ట మూట కట్టి పెట్టినట్టు. మా ఆవిడ ఆ చెయ్యి నా పొట్ట కింద పెట్టుకోమంది."

ఒళ్లో కాగితం తిరగేసి చూసింది ఆవిడ. ఎడం, ఐదు. కుడి, ఎనిమిది. తన చేతిరాతే.

"ఇలా రండి. కూర్చోండి."

డ్రైవర్ ఎడంచెయ్యి చాపాడు. ఆవిడ కోటు మడతలో మూడుసార్లు ఊపిరి పీల్చి, వంగి, మణికట్టు నుంచి మోచేతి దాకా చూసింది. తోలు వాసన. డీజిల్. పొద్దున తిన్న ఉల్లిపాయ. అంతే. ఇంకేమీ లేదు. మళ్లీ కోటు మడత, మళ్లీ చెయ్యి. ఏమీ లేదు.

"నువ్వు చూడు."

తమ్ముడు చూశాడు. కళ్లు మూసుకుని చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా ఉంది కదమ్మా!" డ్రైవర్ తన చెయ్యి తనే వాసన చూసుకున్నాడు. "కాస్త తగ్గింది గానీ ఉంది. ఘాటేం కాదు. ఎలా చెప్పాలి… మిట్టమధ్యాన్నం బండి ఆపి, నీళ్లు చల్లిన ఇసుక మీద కూర్చుంటే వస్తది చూడండి, చల్లటి వాసన. అలాగ. తల కూడా నొప్పెయ్యలేదు."

నాలుగు నెలలుగా తమ్ముడు ఏ మాట ఎవరి నోటైనా వినాలని చచ్చిపోతున్నాడో ఆ మాట ఇదే. ఐదో నంబరు కాగితం మీద వాడు మొదటిరోజు రాసుకున్నది "తడి ఇసుక" అనే. వాడు డ్రైవర్ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని మళ్లీ ముక్కు ఆనించాడు, ఈసారి ఎంతసేపటికీ తియ్యలేదు. వాసన రావట్లేదు వాడికి. అయినా తియ్యట్లేదు.

"ఏంటి బాబూ, ముద్దు పెట్టేస్తావా ఏంటి?" అన్నాడు డ్రైవర్ ఇబ్బందిగా.

పెద్దముక్కావిడకి నమ్మబుద్ధి కాలేదు. ఆయనకి తన చెయ్యి మీద ముచ్చట పుట్టిందేమో, ఊహించుకుంటున్నాడేమో. ఇంకో ముక్కు కావాలి. కిటికీ తీసింది. కింద వరండాలో డబ్బా మోసుకుంటూ నిమ్మపిల్ల వెళ్తోంది.

నిమ్మపిల్ల సంగతి చెప్పాలి మీకు. ఇరవై ఆరేళ్లది, మొన్నమొన్నటి దాకా పైన తమ్ముడి పక్క బల్ల మీదే సెంట్లు కలిపేది. ఐదు వారాల కింద తన మూడో సీసా కూడా పరీక్షలో పోయింది, పిల్లని ఫినాయిల్ సెక్షనుకి పంపారు. అప్పట్నుంచీ ఒళ్లంతా నిమ్మ కంపే, పేరూ అదే అయిపోయింది. అయినా ఎప్పుడెదురైనా నవ్వుతూనే పలకరిస్తుంది.

"అమ్మాయ్, ఒక్కసారి పైకి రా!"

పిల్ల డబ్బా అక్కడే దించి, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చేసింది. గదిలో అడుగుపెట్టకుండా, "నా ఒంటి నిండా ఇదే మేడం, మీ గది పాడైపోతుంది," అంది.

"పర్వాలేదు. లోపలికొచ్చి ఈ చెయ్యి వాసన చూసి ఏముందో చెప్పు."

నిమ్మపిల్ల వంగింది. ఒక్క ఊపిరి పీల్చిందో లేదో మొహం వెలిగిపోయింది.

"కొత్త కస్తూరి! దాని కింద కొంచెం ఉప్పు… ఏదో చెక్క… ఇది ఇందాక కొట్టింది కాదు కదా? నిన్నటిదా?"

"నిన్న పొద్దుటిది."

"అబ్బ, నా నిమ్మ కంపులోంచి కూడా తెలుస్తోంది మేడం. ఎంత తేలిగ్గా ఉంది!" అని ఆగింది. తర్వాత, బడిలో సందేహం అడిగే పిల్లలా, "ఒకటి అడగనా? నేనూ ఈ కస్తూరే పెట్టాను కదా అప్పుడు. మీరు రెండు గంటల్లో ఖాళీ అని రాశారు. ఇది ఎలా నిలిచింది? ఎన్ని పాళ్లు పెట్టారో తెలుసుకోవచ్చా? నేనెక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలియట్లేదు. రోజూ సాయంత్రం లెక్కలు వేసుకుంటూనే ఉన్నా."

పెద్దముక్కావిడ గుండెలో ఏదో కలుక్కుమంది గానీ అది ఏమిటో ఆ క్షణాన అందలేదు. "తర్వాత చెప్తానమ్మా," అంది. పిల్ల "థాంక్స్ మేడం" అని దిగి వెళ్లిపోయింది, గదిలో నిమ్మ వాసన ఒక పొర వదిలేసి.

ఒకళ్లు కాదు, ఇద్దరు. డ్రైవర్ భార్యతో కలిపితే ముగ్గురు. అందరికీ వస్తోంది. తనకీ తమ్ముడికీ తప్ప.

"మా ఇద్దరికే ఎందుకు రావట్లేదు?" అంది ఆవిడ, ఎవర్నీ కాదు, గోడని అడుగుతున్నట్టు.

డ్రైవర్ తల గోక్కున్నాడు. "అదే కదమ్మా నాకూ అర్థం కానిది. మీ ఇద్దరికీ తెలియకపోవడమేంటి? రోజూ మీ దగ్గర వచ్చే వాసనే కదా ఇది."

"మా దగ్గరా?"

"పొద్దున వ్యాను ఎక్కగానే వస్తది కదా. మీరు ఎక్కితే వస్తది, బాబు ఎక్కితే వస్తది. మీ తెల్లకోటు దగ్గరైతే మరీనూ. నిన్న చేతి మీద కొట్టినప్పుడు మీ సొంత సెంటే అనుకున్నా. మీ ఇంటి వాసన అనుకున్నా."

పెద్దముక్కావిడ తన మోచేతి మడత వంక చూసుకుంది, ఎవరో పరాయి మనిషి చెయ్యి తన భుజానికి అతికించినట్టు. తర్వాత తల ఎత్తి తమ్ముడి వంక చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డ్రైవర్ గారూ, కాస్త బయట కూర్చుంటారా?"

ఆయన వెళ్లాక తలుపు మూసి, "చెప్పు," అంది.

"అక్కా…"

"చెప్పరా."

"మిగిలిన కస్తూరి… డ్రమ్ములో పారబొయ్యాలి కదా. మనసొప్పలేదు. అంత మంచి సరుకు." వాడు గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. "ఇల్లు మారాక బట్టలు గదిలోనే ఆరేస్తున్నాం, ఎండ తగలదు. నువ్వు రోజూ కోటు ముక్కిన కంపు కొడుతోంది, అది ముక్కులో ఇరుక్కుంటోంది, పని చెయ్యలేకపోతున్నా అని గోల. తల పట్టుకుని కూర్చునేదానివి. అందుకని ఒక షాంపూ సీసాలో పోసి అమ్మకిచ్చా. జాడించే నీళ్లలో రెండు చుక్కలు వెయ్యమన్నా. నీకు చెప్పద్దన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఇల్లు మారినప్పట్నుంచి."

మూడు నెలలు. మూడు నెలలుగా తను ముక్కు కడుక్కుంటున్న కోటు మడతలోనే ఆ కస్తూరి ఉంది. ఏ వాసన ఉందో లేదో చూడాలో, ఆ వాసనలోనే మొహం ముంచి, ముక్కు దానికి అలవాటుపడిపోయాక, లేదని రాసింది.

ఫోను తీసి ఇంటికి చేసింది. స్పీకరు నొక్కింది.

"ఏమే, తిన్నావా?" అంది అమ్మ గొంతు, వెనక కుళాయి చప్పుడుతో.

"తింటా. అమ్మా, నా కోటు దేంతో ఉతుకుతున్నావ్?"

"దేంతో ఉతుకుతారు, సబ్బుతో! నీ వాసనలేని సబ్బు, దానికి నురగే రాదు, రుద్దీ రుద్దీ నా చేతులు పడిపోతున్నాయి."

"జాడించేటప్పుడు ఏం వేస్తున్నావ్?"

కుళాయి ఆగింది.

"వాడు చెప్పేశాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఏమయిందిప్పుడు, వాణ్ణేమీ అనకు. నీ తలనొప్పి చూడలేకే తెచ్చాడు."

"ఎన్ని చుక్కలు వేస్తున్నావ్?"

"చుక్కలేంటే? బకెట్టెడు నీళ్లకి చుక్కలు ఏ మూలకి? మూతెడు పోస్తా. మొదట్లో ఇల్లంతా ఘుమఘుమలాడిపోయేది, రానురాను ఆ సరుకులో పస తగ్గిపోయింది, అసలు వాసనే రావట్లేదు. అందుకే నీ కోటుకి రెండు మూతలు పోస్తున్నా, ఆఫీసుకి వేసుకెళ్లేది కదా అని. అదీ అడుగంటింది, ఇంకో సీసా తెమ్మను వాణ్ణి."

తమ్ముడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. పెద్దముక్కావిడ "సరేనమ్మా, ఇక పొయ్యకు," అని ఫోను పెట్టేసింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు చేతులు తియ్యకుండానే. "నాకు చాలు. నిలిచిందని తెలిసింది, ఎవరో ఒకావిడ మంచానికి అటు పక్కకి మారింది, చాలు. నువ్వు కాగితం ఇచ్చెయ్. ఫినాయిలే కలుపుకుంటా. సరుకు గుమ్మం దాటించానని తెలిస్తే అది కూడా ఉండదు. పోయినేడు స్టోరు పెద్దాయన్ని ఏం చేశారో చూశావుగా, చిన్న సీసా జేబులో వేసుకున్నందుకు సాయంత్రానికల్లా ఇంటికి పంపారు."

ఆవిడ వినట్లేదు. ఇందాక గుండెలో కలుక్కుమన్నదేమిటో ఇప్పుడు తెలిసింది. కొత్త కస్తూరి పెట్టినవాళ్లు ఈ బిల్డింగులో ఇద్దరే. ఒకడు ఈ నేల మీద కూర్చున్నాడు. ఇంకొకత్తి కింద డబ్బా మోస్తోంది. రెండు కాగితాల మీదా తను రాసింది ఒకే వాక్యం. రెండు గంటల తర్వాత ఖాళీ.

ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు.

తలుపు కొట్టకుండానే మేనేజర్ లోపలికొచ్చాడు. ఉక్కకి టై వదులు చేసుకుని, కర్చీఫుతో బట్టతల తుడుచుకుంటూ, "పన్నెండుకి పది నిమిషాలుంది మేడం. సంతకం పెట్టేస్తే ఓ పనైపోతుంది," అన్నాడు. నేల మీద తమ్ముణ్ణి చూసి, "ఏమైంది, కళ్లు తిరిగాయా? ఈ గదిలో ఎవరికైనా తిరుగుతాయి," అన్నాడు.

పెద్దముక్కావిడ కాగితం వంక చూసింది. సంతకానికి పైన ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: ఈ పరీక్ష చేసిన రోజున నా ముక్కు శుభ్రంగా ఉంది, ఏ వాసనకీ అలవాటుపడి లేదు. పదకొండేళ్ల కింద ఆ వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టి పెట్టించింది తనే.

"సార్, ఐదో నంబరు మళ్లీ చూడాలి."

"ఇప్పుడా? ఎందుకు?"

"నా ముక్కు సరిగ్గా లేదు."

మేనేజర్ ఆవిణ్ణి పరకాయించి చూశాడు. చెడ్డవాడేం కాదు, అలిసిపోయినవాడు. గొంతు తగ్గించి, "జలుబా?" అన్నాడు. "జలుబైతే చెప్పెయ్యండి మేడం, అందులో తప్పేముంది, మనుషులకి రాదా. నిన్నటి పరీక్ష ఒక్కటీ కొట్టేద్దాం. ఎల్లుండి ఇంకొకర్ని పిలిపించి రెండు చేతుల మీదా మళ్లీ చూపిద్దాం. పైవాళ్లకి నేను చెప్పుకుంటా. జలుబు కాకుండా ఇంకేదైనా అయితే మాత్రం ఎప్పట్నుంచి, ఎందుకు, ఎలా అని అంతా రాసివ్వాలి. అన్ని వారాల కాగితాలూ తిరగదోడాలి. మీ కుర్చీ నా చేతిలో ఉండదు. జలుబేనా?"

తమ్ముడు చేతులు మొహం మీంచి తీశాడు. వాడి పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా. జలుబని చెప్పక్కా.

నిజమే, ఆ ఒక్కమాటతో అన్నీ సర్దుకుంటాయి. ఐదో నంబరు మళ్లీ చేతి మీదికెక్కుతుంది, ఇంకెవరి ముక్కో దాన్ని గెలిపిస్తుంది. తమ్ముడు బతికిపోతాడు. షాంపూ సీసా సంగతి షాంపూ సీసాలోనే ఉండిపోతుంది. ఇరవై మూడేళ్ల కుర్చీ అలాగే ఉంటుంది. నిన్న జలుబు చేసింది. నిన్న ఒక్కరోజే.

కిటికీ ఇంకా తెరిచే ఉంది. కింద, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, మోకాలి మీద చిన్న నోటుబుక్కు పెట్టుకుని, నిమ్మపిల్ల పాళ్లు లెక్క వేసుకుంటోంది. ఏదో రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. నిన్న ఒక్కరోజే జలుబైతే, ఐదు వారాల కిందటి ఆ పిల్ల కాగితం అలాగే ఉండిపోతుంది. తన తప్పు ఎక్కడుందో అని జీవితాంతం వెతుక్కుంటూనే ఉంటుంది.

"మేడం?" అన్నాడు మేనేజర్ గడియారం చూసుకుంటూ.

పెద్దముక్కావిడ మెల్లగా తెల్లకోటు విప్పి, మడిచి, కుర్చీ వీపు మీద వేసింది. కలం మూత తీసింది. ఒక పక్క నేల మీద తోడబుట్టినవాడు, ఒక పక్క కిటికీ కింద ఏమీ కాని పిల్ల, మధ్యలో ఒక్కమాట కోసం చెమటలు కక్కుతూ మేనేజరు.

ఆవిడ నోరు తెరిచింది.

ఆ కలం మీ చేతిలో ఉంటే, ఆ తమ్ముడు మీ తమ్ముడైతే, చెప్పండి, మీరేమంటారు?